వెనుక వరుసలోని మనిషి

పాఠకులకు ముందుగానే ఒక మాట విన్నవించుకోవాలి. నేను క్రీడాకారుడిని కాను. క్రీడావిమర్శకుడిని అంతకంటే కాను. మూడు దశాబ్దాలుగా రిలేలు, ప్యానెళ్ళు, డ్రాయింగుల మధ్య కాలం గడుపుతున్న ఎలక్ట్రికల్ ఇంజనీరును. అటువంటి నేను ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాడు లూకస్ నీల్‌ను గురించి వ్రాస్తానంటే మా ఇంట్లోనే నవ్వారు. అయినా ఈ వ్యాసం వ్రాయకుండా ఉద్యోగ విరమణ చేయడం నాకు ఇష్టం లేదు.

మా విభాగం వారికి ఒక సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. ప్రొటెక్షన్ రిలే పదేళ్ళపాటు తన పని తాను సక్రమంగా చేసుకొనిపోతే దానివైపు ఎవరూ కన్నెత్తి చూడరు. ఒక్కసారి అది పొరబడి నడుస్తున్న యూనిట్‌ను ఆపివేసిందా, మరునాటి ఉదయం సమావేశంలో అందరి నోటా దాని పేరే. ఫుట్‌బాల్‌లో డిఫెండర్ బ్రతుకు కూడా అచ్చంగా ఇటువంటిదేనని నాకు చెప్పినవారు మా టెస్టింగ్ విభాగంలో పనిచేసిన ఒక సీనియర్ టెక్నీషియన్. ఆయన సికింద్రాబాదులో పుట్టి పెరిగినవారు. యౌవనంలో మన సంస్థ జట్టులో డిఫెండర్‌గా ఆడారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించిందనీ, ఆ జట్టుకు శిక్షకులు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారనీ, తమ సికింద్రాబాదు ఆటగాడు తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్ జట్టులో ఉన్నాడనీ ఆయన సొంత ఇంటి ముచ్చటలాగా చెప్పేవారు.

2006 ప్రపంచ కప్ రోజులలో మా టౌన్‌షిప్ క్లబ్బులో టీవీ ముందు ఆయనే మాకు గురువు. "అందరూ బంతినే చూస్తారు సార్. మీరు ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి ఆ రెండో నంబరు మనిషిని చూడండి" అన్నారొకనాడు. ఆస్ట్రేలియా జట్టులో 2వ నంబరు చొక్కా ధరించిన ఆ మనిషే లూకస్ నీల్.

చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు. బంతి తన వద్దకు రాకముందే అది రాగల చోట నిలబడి ఉంటున్నాడు. చేతితో సైగలు చేస్తూ, పక్కవాడిని ముందుకు పంపుతూ, తాను వెనుకకు జరుగుతూ ఉన్నాడు. ఎదుటివాడు దారిలేక బంతిని మరొకరికి ఇచ్చివేసినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. జరగవలసిన ప్రమాదం జరగలేదు కనుక అక్కడేమీ జరగనట్లే లెక్క.

నీల్ 1978 మార్చిలో సిడ్నీ నగరంలో జన్మించాడు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా క్రీడాసంస్థలో శిక్షణ పొంది, 1995లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఇంగ్లండు చేరి మిల్‌వాల్ క్లబ్బులో అడుగుపెట్టాడు. మరుసటి సంవత్సరమే జాతీయ జట్టులో స్థానం లభించింది. మిల్‌వాల్ పెద్ద క్లబ్బు కాదు. అతడు అక్కడ ఉండగా మూడవ శ్రేణి పోటీలలోనే ఏళ్ళ తరబడి ఆడింది. 2001లో బ్లాక్‌బర్న్ రోవర్స్ అతనిని తీసుకొన్నది. అప్పటినుండి ప్రీమియర్ లీగ్‌లో నిలకడైన ఆటగాడయ్యాడు. అతనిలో లోపాలు లేవని నేననను. 2003 సెప్టెంబరులో లివర్‌పూల్ ఆటగాడు జేమీ కారఘర్‌ను అతడు అడ్డుకొన్న తీరుకు కారఘర్ కాలు విరిగింది. రెఫరీ నీల్‌ను మైదానం నుండి పంపివేశాడు. అది కూడా అతని చరిత్రలో భాగమే.

ఆస్ట్రేలియా 1974 తరువాత ముప్పై రెండేళ్ళపాటు ప్రపంచ కప్ ముఖం చూడలేదు. 2005 నవంబరు 16న సిడ్నీలో ఉరుగ్వేతో జరిగిన పోటీ పెనాల్టీల దాకా వెళ్ళినప్పుడు, ఆస్ట్రేలియా తరఫున రెండవ పెనాల్టీ కొట్టి గోలు చేసినవాడు నీల్. గోల్‌కీపర్ ష్వార్జర్ రెండింటిని ఆపాడు. చివరి పెనాల్టీని అలోయిసీ గోలు చేశాడు. నేటికీ ఆ దేశంలో జనం తలచుకొనేది ఆ ఇద్దరినే. రెండవ పెనాల్టీ కొట్టినవాడిని ఎంతమంది జ్ఞాపకం ఉంచుకొన్నారు?

ఇక 2006 జూన్ 26. జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ నగరంలో ఆస్ట్రేలియా ఇటలీతో తలపడింది. మనకు రాత్రి ఎనిమిదిన్నరకు ఆట మొదలైంది. క్లబ్బు హాలు నిండిపోయింది. యాభయ్యవ నిమిషంలో ఇటలీ ఆటగాడు మాటెరాజీని రెఫరీ బయటకు పంపివేశాడు. ఆ తరువాత ఆస్ట్రేలియా నలభై నిమిషాలకు పైగా ఒక ఆటగాడు ఎక్కువగా ఉన్న జట్టుగా ఆడింది. అయినా ఒక్క గోలు చేయలేకపోయింది. నిర్ణీత సమయం ముగిసి, అదనంగా ఇచ్చిన నిమిషాలు కూడా ముగియవస్తుండగా ఇటలీ ఆటగాడు ఫాబియో గ్రోసో ఎడమవైపు నుండి బ్రెషియానోను దాటుకొని పెనాల్టీ ప్రాంతంలోకి చొచ్చుకొని వచ్చాడు. అడ్డుకోవడానికి నీల్ నేలమీదికి జారాడు. బంతి అందలేదు. పడివున్న నీల్ మీదుగా గ్రోసో కూలబడ్డాడు. స్పెయిన్ దేశపు రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. టొట్టి గోలు చేశాడు. ఆట అక్కడితో సరి.

హాలులో అరుపులు, వాదాలు. గ్రోసో కావాలని పడ్డాడని కొందరు, నీల్ నేలకు జారవలసింది కాదని కొందరు. మా టెక్నీషియన్ గారు మాత్రం టీవీ వైపే చూస్తూ మెల్లగా అన్నారు: "ఇంక జన్మంతా ఇతని పేరు చెబితే ఇదే చెబుతారు సార్. నలభై నిమిషాలు గోలు కొట్టలేని ముందు వరుసను ఎవరూ అడగరు."

ఆయన చెప్పినట్లే జరిగింది. ఇటలీ ఆ కప్పును గెలుచుకొన్నది. ఫైనల్‌లో విజయాన్ని ఖాయం చేసిన చివరి పెనాల్టీని కొట్టినవాడు ఆ గ్రోసోయే. తాను పడిన తీరును కాస్త ఎక్కువ చేసి ఉండవచ్చునని అతడు తరువాతి కాలంలో అంగీకరించినట్లు పత్రికలలో వచ్చింది. కానీ దానివల్ల నీల్‌కు ఒరిగినదేమీ లేదు.

ఇప్పుడు నా సంగతికి వస్తాను.

2008లో ఒక రాత్రి మా కేంద్రంలో ఆగివున్న యూనిట్‌కు సంబంధించిన రిలేలను పరీక్షిస్తూ ఆ టెక్నీషియన్ గారు పక్క ప్యానెల్‌లోని లింకు తెరిచారు. అది నడుస్తున్న యూనిట్‌ది. యూనిట్ ట్రిప్ అయింది. ఎవరికీ ఏ హానీ జరగలేదు కానీ, ఆరు గంటల ఉత్పత్తి నష్టమైంది. విచారణ సంఘంలో నేనొక సభ్యుడిని. నివేదిక నా చేతనే వ్రాయించారు. "ఉద్యోగి అజాగ్రత్త వలన" అని వ్రాశాను. ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆ సంవత్సరం రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ తరువాతా రాలేదు.

నేను వ్రాయని సంగతి ఒకటున్నది. ఆ వరుసలోని ప్యానెళ్ళ మీద లేబుళ్ళు వెలిసిపోయి చదవడానికి వీలుగా లేవనీ, వెంటనే మార్చాలనీ మూడు నెలల ముందే ఆయన ఒక నోట్ పెట్టారు. ఆ కాగితం నా బల్లమీదనే ఉన్నది. కొనుగోలు విభాగానికి పంపవలసినవాడిని నేనే. పంపలేదు. విచారణలో ఆయన కూడా ఆ నోట్ మాట ఎత్తలేదు. ఎత్తితే నా పేరు వస్తుందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

ఆ తరువాత నీల్ ఆటను ఎప్పుడు చూసినా నాకు స్థిమితం ఉండేది కాదు. 2006 అక్టోబరులోనే ఆస్ట్రేలియా అతనిని జాతీయ జట్టుకు నాయకుడిని చేసింది. ఆ ఒక్క క్షణాన్ని చూసి అతనిని పక్కన పెట్టలేదు. దానికి ముందు అతడు చేసిన పనిని చూసింది. కొత్త నాయకుడు వెంటనే అద్భుతాలు చేశాడని కాదు. సిడ్నీలో పెనాల్టీని గోలు చేసిన అతడే 2007 జూలైలో హనోయ్‌లో జపాన్‌పై ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్లో పెనాల్టీని పోగొట్టుకొన్నాడు. అయినా జట్టు అతనిని నమ్మింది. 2010 ప్రపంచ కప్‌కు అర్హత సాధించే చివరి దశలో ఆస్ట్రేలియా ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్క గోలు ఇచ్చింది. రక్షణ వరుస అంటే ఏమిటో తెలిసినవారికి ఆ అంకె చాలు.

2011 జనవరి 10న దోహాలో జరిగిన ఆసియా కప్‌లో నీల్ నాయకత్వంలోని జట్టు మన భారత జట్టును 4-0తో ఓడించింది. ఇరవై ఏడేళ్ళ తరువాత ఆ పోటీలకు వెళ్ళిన మనవారి గోల్‌కీపర్ సుబ్రతా పాల్ ఆనాడు ఎన్నో బంతులను ఆపాడు. లేకుంటే గోల్స్ ఇంకా ఎక్కువయ్యేవి. ఆ మ్యాచ్‌ను కూడా క్లబ్బులో నేను, ఆయన ఒకే వరుసలో కూర్చుని చూశాము. 1956 నాటి ముచ్చట ఆయన మళ్ళీ చెప్పారు. ఆ విచారణ ప్రసక్తి మాత్రం మా మధ్య రాలేదు. ఆస్ట్రేలియా ఫైనల్ వరకు వెళ్ళి జపాన్ చేతిలో అదనపు సమయంలో ఒక్క గోలుతో ఓడింది. ఆరు మ్యాచ్‌లలో ఆ జట్టు ఇచ్చినవి మొత్తం రెండు గోల్స్.

2013 జూన్‌లో మెల్‌బోర్న్‌లో జోర్డాన్‌పై ఆస్ట్రేలియా 4-0తో గెలిచింది. నాలుగవ గోలు నీల్‌ది. జాతీయ జట్టులోకి వచ్చిన పదిహేడేళ్ళకు, ముప్పై అయిదేళ్ళ వయసులో, దేశం తరఫున అతడు చేసిన మొదటి గోలు అది. చివరిది కూడా అదే. మరుసటి వారం ఆస్ట్రేలియా 2014 ప్రపంచ కప్‌కు అర్హత పొందింది. కానీ శరదృతువు వచ్చేసరికి బ్రెజిల్, ఫ్రాన్స్ జట్ల చేతిలో వరుసగా 6-0 తేడాతో రెండు ఓటములు. నవంబరులో సిడ్నీలో కోస్టారికాతో ఆడుతున్నప్పుడు స్వదేశపు ప్రేక్షకులలోనే కొందరు నీల్‌ను ఎగతాళి చేశారు. అతడు కూడా కోపం ఆపుకోలేక వారికి బదులు చెప్పాడు. అది అతని 96వ అంతర్జాతీయ మ్యాచ్. వందకు నాలుగు తక్కువ. మళ్ళీ అతడు ఆ చొక్కా ధరించలేదు.

ఆ వార్త చదివిననాటికి మా టెక్నీషియన్ గారి ఉద్యోగ విరమణకు నెల రోజులున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన పరీక్షించిన రిలేలు ఎన్ని వేలో లెక్క లేదు. ఆయన జాగ్రత్త వలన ఆగకుండా నడిచిన రోజులకు ఏ రిజిస్టరులోనూ పద్దు లేదు. ఉన్నది ఒక్కటే: నా చేతివ్రాతలోని ఆ వాక్యం.

మరునాడు ఉదయం ఒక కాగితం వ్రాశాను. లేబుళ్ళ నోట్ తేదీ, అది నా వద్ద ఆగిన సంగతి, విచారణలో నేను దానిని చెప్పకపోవడం, అన్నీ వ్రాసి ఆ ఫైలులో చేర్చవలసిందిగా కోరాను. పైఅధికారులు నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే. ఆయన పోయిన ప్రమోషన్ తిరిగి రాలేదు. అందుకు గడువు దాటిపోయిందన్నారు. కానీ ఆ కాగితాన్ని ఆయన సర్వీసు ఫైలులో చేర్చారు.

దాని ప్రతిని తీసుకొని వారి క్వార్టరుకు వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివారు. ఆయన శ్రీమతి గారు టీ తెచ్చి అక్కడే నిలబడ్డారు. నేను క్షమాపణ చెప్పబోయాను. ఆయన వారించి, "లింకు తెరిచింది నేనే కద సార్. చదవరానప్పుడు ఆగి అడగవలసింది. అడగలేదు" అన్నారు. కొంతసేపు ఊరుకొని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొంటూ, "ఇది మా అబ్బాయికి చూపిస్తాను. వాడు అయిదేళ్ళుగా ఏమీ అడగలేదు గానీ, వాడి మనసులో ఉంది" అన్నారు.

అయిదేళ్ళు. ఒక పిల్లవాడు తన తండ్రిని గురించి అడగలేక ఊరుకొన్న కాలమది. నేను నోట్ పంపడానికి అయిదు నిమిషాలు పట్టేది.

ఆనాటినుండి ఎవరి వార్షిక నివేదిక వ్రాయవలసి వచ్చినా మొదట వారి పాత లాగ్ పుస్తకాలు తెప్పించి చూస్తున్నాను. ఏమీ జరగని రోజులను లెక్కపెట్టడం కష్టమే గాని అసాధ్యం కాదు. ఏదైనా పొరబాటు జరిగినప్పుడు ఆ చివరి చేయి ఎవరిదో చూడటానికి ముందు, దాని వెనుక ఎన్ని బల్లలమీద ఎన్ని కాగితాలు ఆగి ఉన్నాయో చూస్తున్నాను. నా బల్లతోనే ఆరంభిస్తున్నాను.

మన కుటుంబాలలోని పిల్లలు ఇప్పుడు రాత్రులు మేలుకొని విదేశీ ఫుట్‌బాల్ చూస్తున్నారు. వారికి నేను చెప్పేది ఆయన నాకు చెప్పినదే. ఒక పది నిమిషాలు బంతిని వదిలివేసి వెనుక వరుసలోని మనిషిని చూడండి. ఎవరైనా లూకస్ నీల్ పేరెత్తి కైజర్స్‌లౌటర్న్ పెనాల్టీ మాట చెబితే, కాదనవద్దు, అది జరిగింది. తక్కిన తొంభై అయిదు మ్యాచ్‌ల మాట కూడా ఒకసారి అడగండి.