మొగిలి ఘాటు మీదుగా తిరుపతికి

చిత్తూరు సీమలో పిల్లలు బడికి పోకముందే రెండు మూడు భాషలు వింటారు. 1911లో ఏర్పడిన ఈ జిల్లా నుండి 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది గాని, అరవం మాత్రం ఇక్కడి ఇండ్లలో, అంగళ్ళలో నిలిచిపోయింది. పలమనేరు వైపు కన్నడమూ కలుస్తుంది. బడిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు సరేసరి. ఇన్ని భాషలు నేర్చే పిల్లలకు రోడ్డు భాష ఎవరు నేర్పుతున్నారు? పలమనేరు నుండి తిరుపతికి మేము చేసిన ప్రయాణంలో ఈ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

పలమనేరు దాటి చిత్తూరు వైపు వస్తుంటే మొగిలి ఘాటు దిగాలి. 2024 సెప్టెంబరులో ఇక్కడే బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. తొమ్మిదవ తరగతి చదివే మా అబ్బాయి ముందు సీటులో కూర్చుని బోర్డులు పైకి చదువుతున్నాడు. "చదివితే చాలదు నాయనా," అన్నాడు డ్రైవరు. "ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసినామంటే ఇంజను పట్టు పోతుంది. బరువంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. కాగిన బ్రేకు పట్టదు." ఏ వాచకంలోనూ లేని పాఠమిది!

చిత్తూరు, మదనపల్లె ప్రాంతాలలో బడులు నడిపిన అమెరికన్ ఆర్కాటు మిషన్ 1853లో ప్రారంభమైంది. ఆ మిషనరీల దేశంలో 1934లో, పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజి అనే ఊరి హైస్కూలులో, ఏమస్ నేహార్ట్ అనే ఆచార్యుడు తన సొంత కారుతోనే విద్యార్థులకు డ్రైవింగు నేర్పనారంభించాడు. నేటికీ అక్కడ కొన్ని హైస్కూళ్ళలో ఇంగ్లీషు గంట వలెనే డ్రైవింగు గంట కూడా ఉంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలలోనూ అలా నేర్చుకున్నవారున్నారు.

పాకాల దాటాక బడి వదిలే వేళయింది. ఒకే మోటారు సైకిలు మీద యూనిఫారాలతో ముగ్గురు పిల్లలు! నడిపేవాడికి ఇంకా మీసమైనా రాలేదు. గేర్లున్న బండికి 18 ఏళ్ళు నిండాలి. 2019 సవరణ ప్రకారం మైనరు నడిపి నేరం జరిగితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. తోటకు పోయిరమ్మని తాళం చేతికిచ్చే పెద్దలలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

దీనికి వేరే గంట దొరకకపోతే తెలుగు గంటే చాలునని మా అభిప్రాయం. ఎర్రని త్రికోణం హెచ్చరిక, వలయం ఆజ్ఞ, నీలి దీర్ఘచతురస్రం సమాచారం. వాక్యభేదాలు చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటే మంచి ఉదాహరణలుంటాయా? "రోడ్డు ప్రమాదాలు" వ్యాసం బట్టీ పట్టించే బదులు, బడి దారిలోని గుర్తులను వ్రాసుకొనివచ్చి, వాటి అర్థం ఇంట్లో నాన్నకు, అవ్వకు చెప్పమనవచ్చు.

చీకటి పడేవేళకు తిరుపతి చేరాము. కొండ మీదికి రెండు దారులు: 1944 నాటిది దిగడానికి, 1974 నాటిది ఎక్కడానికి. వేగం అదుపు చేయడానికి ఎక్కే బండికి 28 నిమిషాలు, దిగే బండికి 40 నిమిషాలు కనీస గడువుగా పెట్టారు. అంతకంటే ముందే చేరిన బండికి జరిమానా.