జ్వరానికి కారణం తేలేదాకా అయ్యే ఖర్చు

పిల్లల వైద్యం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఆరోగ్య బీమా. వారం దాటినా మా బాబుకు జ్వరం తగ్గకపోయేసరికి నాకు అర్థమైంది వేరు. జబ్బేమిటో తేలేదాకా అయ్యే ఖర్చు దాదాపు అంతా చేతిలోంచి పెట్టుకోవాల్సిందే. మామూలు పాలసీల్లో ఓపీ ఖర్చు రాదు. కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలి. కేవలం పరీక్షల కోసం అడ్మిట్ చేస్తే చెల్లించబోమన్న షరతు కూడా ఉంటుంది.

బాబు పుట్టినప్పటి నుంచీ నెలనెలా కొంత డబ్బు వేరే ఖాతాలో వేస్తున్నాను. మూడు నెలల ఇంటిఖర్చుకు సరిపడేంత ఎప్పుడూ అందులో ఉండాలన్నది నా నియమం. ఏటీఎం కార్డుతో అర్ధరాత్రయినా తీసుకోగలగాలి కాబట్టి దాన్ని చిట్టీలోనో బంగారంలోనో పెట్టలేదు.

దసరా సెలవులకు చిత్తూరు జిల్లాలోని మా పుట్టింటికి వెళ్లొచ్చాక బాబుకు జ్వరం మొదలైంది. మందు వేస్తే కాసేపు దిగడం, మళ్లీ 103కు ఎక్కడం. డెంగీ, మలేరియా, మూత్ర పరీక్ష, ఎక్స్‌రే అన్నీ చేయించాం. దేంట్లోనూ ఏమీ తేలలేదు. "నా గాజులు తాకట్టు పెట్టండమ్మా, పిల్లాడికంటే ఎక్కువా?" అన్నారు మా అత్తగారు. "డబ్బుంది అత్తయ్యా, అవసరమైతే నేనే అడుగుతాను" అన్నాను. ఆ మాట ధైర్యంగా అనగలిగానంటే ఆ ఖాతా వల్లే.

ఆ తర్వాత డబ్బు ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. చేయించిన పరీక్షలే ఇంకో ల్యాబులో చేయించే బదులు అనుభవమున్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చొక్కా విప్పించి, చెవుల వెనక, మెడ, గజ్జలు అన్నీ వెతికారు. చంకలో పెసరగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి, దురద లేకపోవడంతో బాబు ఎప్పుడూ చెప్పలేదు. "పొలాల్లో, పొదల్లో ఆడాడా అమ్మా?" అని అడిగారు. అది స్క్రబ్ టైఫస్. ఒక రకం నల్లి పిల్లలు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. వానాకాలం నుంచి చలికాలం దాకా మన ప్రాంతాల్లో కనిపిస్తూనే ఉంటుంది. దానికి వాడే డాక్సీసైక్లిన్ చవకైన మందే. ప్లేట్‌లెట్లు తగ్గడంతో అడ్మిట్ చేశారు. రెండో రోజుకల్లా జ్వరం దిగింది.

అడ్మిట్ అయ్యాక పాలసీ పనికొచ్చింది. చాలా పాలసీల్లో అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజులు అదే జబ్బుకు అయిన ఖర్చు కూడా ఇస్తారు. అందుకే మొదటి రోజు నుంచీ ప్రతి చీటీ, బిల్లు, రిపోర్టు తేదీల వారీగా ఒకే కవరులో పెట్టాను. డిశ్చార్జి సమ్మరీలో జబ్బు పేరు, ఇచ్చిన చికిత్స స్పష్టంగా రాయించుకున్నాను. ముందు చేయించిన పరీక్షల డబ్బు తిరిగొచ్చింది.

అన్ని జ్వరాలకూ చవకైన మందు ఉండదు. ఐదు రోజులైనా తగ్గని జ్వరంతో పాటు కళ్లు, పెదవులు ఎర్రబడి, ఒంటిమీద దద్దుర్లు వస్తే కవాసాకీ వ్యాధి కావచ్చు. గుండె రక్తనాళాలు దెబ్బతినకుండా మొదటి 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి. మోతాదు పిల్లల బరువును బట్టి, కిలోకు 2 గ్రాములు. అది చాలా ఖరీదు. అలాంటప్పుడు కాపాడేది బీమానే. జ్వరం వచ్చాక పాలసీ కొంటే లాభం లేదు, కొత్త పాలసీలో మొదటి 30 రోజులు జబ్బులకు చెల్లించరు.

కాబట్టి పిల్లలున్న ప్రతి ఇంట్లో రెండూ ఉండాలి. పెద్ద చికిత్సకు పాలసీ, కారణం తేలేదాకా చేతిలో నగదు. డబ్బు సర్దుబాటు కోసం డాక్టరు దగ్గరికి వెళ్లడం ఒక్కరోజు కూడా వాయిదా పడకూడదు. ఈ నెల జీతం నుంచే ఆ ఖాతా మొదలుపెట్టండి, వెయ్యి రూపాయలతోనైనా సరే.