నాజిల్ మారిస్తే సర్వీసు అయినట్టేనా?

మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీ. అక్టోబరు చివరివారం. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం ఇంట్లో బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే కిరసనాయిలు స్టవ్ ఆర్పినప్పటి వాసన. "పోయిన నెలే బాయిలర్ సర్వీసు చేయించామండీ. ఇరవై నిమిషాల్లో నాజిల్ మార్చి, బిల్లు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు," అన్నారు ఇంటాయన.

అమెరికాలో చమురుతో ఇళ్ళు వెచ్చబెట్టుకునేది ఎక్కువగా ఈ ఈశాన్య రాష్ట్రాల్లోనే. డీజిల్‌ను పోలిన ఆ నూనెను బాయిలర్ బర్నర్‌లోని పంపు ఒత్తిడితో నెడితే, నాజిల్ దాన్ని పొగమంచులా చిమ్ముతుంది. ఎలక్ట్రోడ్ల నిప్పురవ్వ అంటిస్తుంది, ఫ్యాన్ గాలి అందిస్తుంది. గాలి చాలకపోతే మసి. ఎక్కువైతే వేడంతా చిమ్నీ పాలు.

ఈసారి వేరే టెక్నీషియన్ వచ్చాడు. ఈ రాష్ట్రంలో ఆయిల్ బర్నర్ మీద చెయ్యి వేయాలంటే అగ్నిమాపక శాఖ సర్టిఫికెట్ ఉండాలి. అడక్కముందే చూపించాడు. తర్వాత పొగగొట్టం చుట్టూ వేళ్ళతో తడిమాడు. కొలత గొట్టం దూర్చడానికి అక్కడ పావు అంగుళం రంధ్రం ఉండాలి. లేదు. అంటే ఇన్నేళ్ళూ ఈ బర్నర్ ఎలా మండుతోందో ఎవరూ కొలిచి చూడలేదన్నమాట! నా మటుకు నాకు ఆ రోజు చూసినవాటిలో ఇదే అన్నిటికంటే బాధాకరం.

రంధ్రం వేసి, చేతిపంపుతో తెల్ల ఫిల్టర్ కాగితం గుండా 10 సార్లు పొగ లాగాడు. కాగితం మీద కాటుక బొట్టు పడింది. 0 నుంచి 9 దాకా ఉండే స్కేలుతో పోల్చితే 6. ఉండాల్సింది 0.

బర్నర్ విప్పాడు. తయారీదారు పట్టీ మీద చిమ్మే కోణం 80 డిగ్రీలని ఉంది, పోయిన నెల బిగించిన నాజిల్ మీద 60 అని చెక్కి ఉంది. సరైనది వేశాడు. లోపలి మసి బ్రష్‌తో రాల్చి వాక్యూమ్‌తో లాగాడు, ఆయిల్ ఫిల్టర్ మార్చాడు, ఎలక్ట్రోడ్ల ఎడం గేజితో సరిచేశాడు. మంటను కనిపెట్టే 'కన్ను' తీగ ఊడదీసి స్టార్ట్ చేస్తే, 15 సెకన్లకు బర్నర్ దానంతటదే ఆగిపోయింది. ఆగాలి కూడా.

"అలా ఆగినప్పుడల్లా ఎర్ర రీసెట్ బటన్ నొక్కుతుంటాను," అంది ఇంటావిడ. ఒక్కసారికి మించి నొక్కొద్దని గట్టిగా చెప్పాడతను: మంట అంటుకోకపోతే నొక్కిన ప్రతిసారీ లోపల నూనె చేరుతుంది, అంటుకున్నప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది.

చివర్లో మళ్ళీ పొగ లాగాడు. కాగితం తెల్లగానే ఉంది. కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, చిమ్నీ వేడి, లాగుడు అన్నీ కొలిచి, తేదీతో కార్డు మీద రాశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన దానికే పిన్ను కొట్టి, బాయిలర్‌కు తీగతో కట్టాడు.