పసుపుకొమ్ము

మా నాయిన దినాల నాడు మా అవ్వ మెడలోంచి తీయడానికి పుస్తెలు లేవు. (అమ్మను మా ఇంట్లో అవ్వ అనే పిలుస్తాం.) 2019, ఎండాకాలం. ఇంకా తెల్లారలేదు. పుణ్యస్త్రీలు ఎదురు రావద్దని, వాడలో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు నలుగురే ఆమెను బావి కాడికి తీసుకపోయారు. నేను పెండ్లయినదాన్ని, రావద్దన్నారు. అయినా పోయి చింతచెట్టు చాటున నిలబడ్డాను.

గాజులు రాయికేసి కొట్టారు. బొట్టు తుడిచారు. మా చిన్న మేనత్త తాడు తెంపబోయి ఆగిపోయింది. ఆమె మొగడు అంతకు రెండేండ్ల ముందే పోయిండు. పసుపుతాడుకు ఒక పసుపుకొమ్ము తప్ప ఏమీ లేదు.

"పుస్తెలేవి వదినె?"

అవ్వ మాట్లాడలేదు. బావిలోకి చూసింది.

ఆ పుస్తెలు నా బీ.ఎడ్. 2010లో నాకు సీటొచ్చింది. ఫీజు సర్కారు కడుతుందన్నారు. హాస్టలుకు, పుస్తకాలకు, బస్సుకు ఎవరు కడతారు? రెండు పుస్తెలూ కలిపి పావుతులం. అవ్వ వాటిని సేటు దుకాణంలో మూడువేలకు కుదువబెట్టి, తాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. మా వాడలో అది కొత్తేం కాదు. విత్తనాల కాలంలో సగం మంది ఆడవాళ్ళ మెడల్లో పసుపుకొమ్ములే ఉండేవి. 2013లో నాకు టీచరు ఉద్యోగం వచ్చి మొదటి జీతం చేతికందిన నాడే దుకాణానికి పోయాను. గడువు దాటింది, మిత్తి అసలును మించింది, ఎప్పుడో కరిగించినం అన్నాడు. చీటీ మాత్రం నాకే వాపసు ఇచ్చాడు.

"మళ్ళ చేపిస్తనే అవ్వా" అన్నాను. "తొందరేముంది బిడ్డా, మీ నాయిన యాడికన్న పోతున్నడా" అని నవ్వింది.

ఆరేండ్లు జీతం తీసుకున్నాను. చేపియ్యలేదు. స్కూటీ కొన్నాను. ప్లాటుకు అడ్వాన్సు కట్టాను. అంబేద్కర్ జయంతి సభల్లో మైకు పట్టుకొని, మొగడు పోతే ఆడదాని ఒంటి మీది నగలు ఊడదీయడం ఏం ధర్మమని అడిగినదాన్ని కూడా నేనే. ఆ తెల్లవారుజామున చింతచెట్టు చాటున నా నోరు పెగల్లేదు.

తర్వాత రెండేండ్లకనుకుంటా, ఇంగ్లీషు పాఠంలో ‘మోర్నింగ్’ అనే మాట వచ్చింది. పొద్దుకు రాసే మాట కంటే ఒక అక్షరం ఎక్కువ, పలకడం మాత్రం ఒక్కటే. "పొద్దుగాల అని గదా టీచర్" అంది ఒక పిల్ల. కాదమ్మా, చనిపోయినోళ్ళ కోసం దుఃఖపడడం అని చెప్పి, ఇంకా వివరంగా చెబుదామని బడిలో ఉన్న పాత బొమ్మల పుస్తకం తిరగేశాను. అందులో కనబడ్డాయి, ఇంగ్లండు వాళ్ళ చావునగలు. ఒక ఉంగరం. ఒక పతకం, అద్దం కింద సన్నగా జడ అల్లిన వెంట్రుకలు. చనిపోయిన మనిషి వెంట్రుకలు.

ఆ రోజంతా ఆ పుస్తకమే చదివాను. అక్కడ చావొస్తే నగ తీయరట, పెడతారు. తన పేరు మీద ఉంగరాలు చేయించి పంచమని వీలునామాలో డబ్బు రాసిపెట్టి పోయేవాళ్ళు. దగ్గరోళ్ళకు ఖరీదైనవి, దూరపోళ్ళకు చవకవి. నల్ల ఎనామిలు మీద పేరు, వయసు, పోయిన తేదీ. పెండ్లికాని పిల్లలు పోతే తెల్ల ఎనామిలు. కన్నీళ్ళకు గుర్తుగా ముత్యాలు. 1861 డిసెంబరు 14న విక్టోరియా రాణి మొగడు ఆల్బర్టు పోయాడు. ఆమె 1901లో తాను పోయేదాకా నలుపు విడవలేదు. ఆమెను చూసి దేశమంతా నల్లనగలకు ఎగబడింది. యార్క్‌షైరు సముద్రపుటొడ్డున విట్‌బీ అనే ఊళ్ళో జెట్ అని ఒక నల్లరాయి దొరుకుతుంది. నిజానికి రాయి కాదు, కోట్ల ఏండ్ల కింద మునిగిపోయిన చెట్టు మాను. దాన్ని తవ్వి, చెక్కి, పూసలు చేసేవాళ్ళు. అది కొనలేనోళ్ళకు నల్లగాజు, గట్టిపరచిన రబ్బరు. ఆ రబ్బరు నగ వెలుతురు తగిలి తగిలి గోధుమరంగుకు తిరిగేదట. పేదోళ్ళ దుఃఖం ఎక్కడైనా తొందరగా వెలిసిపోయే సరుకే.

అక్కడి ఆడవాళ్ళదేదో స్వర్గమని కాదు. మొగడు పోతే రెండేండ్లకు పైగా నలుపులో ఉండాల్సింది ఆడదే. మగవాడికి చేతికో నల్లపట్టీ సరిపోయేది. అయినా నిజం చెప్తున్నా, ఆ బొమ్మలు చూసి నాకు అసూయైంది. పోయినవాడి గుర్తు ఒంటి మీద ఉంచుకునే హక్కు వాళ్ళకుంది. మరీ విచిత్రం ఆ పూసలు. అచ్చం మన నల్లపూసల్లెక్కనే ఉన్నాయి. అక్కడ నల్లపూస చావు గుర్తు, ఇక్కడ పెండ్లి గుర్తు. మా దగ్గర చావు రాగానే మొదట పోయేది అదే.

మరి మాకు నగలెవరు రాసిపెట్టారు? రాసినవాడు ఉన్నాడు. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలురకు శవాల మీది బట్టలు, ఇనుప నగలు రాసిపెట్టాడు. ఇంగ్లండు వాళ్ళు ఎవరో ఒకరు పోయినాక వేసుకున్న చావునగను మాకు పుట్టినప్పుడే తొడిగాడన్నమాట. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబరు 25న మహద్‌లో తగలబెట్టారు. ఆ సభల సందర్భంలోనే బాబాసాహెబ్ ఆడవాళ్ళతో నగల గురించి మాట్లాడారు. చూడగానే అంటరానోళ్ళని పట్టిచ్చే ఆ మోటు కడియాలు, దండలు వదిలెయ్యమన్నారు. పెట్టుకుంటే బంగారం పెట్టుకోండి, లేకుంటే మానెయ్యండి అన్నారు. అదే కాలంలో ఇండోరు దిక్కున బలాయీ కులస్తులకు పైకులాలోళ్ళు పెట్టిన షరతుల్లో, ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టొద్దనేది ఒకటి. ‘కులనిర్మూలన’లో ఆ షరతులన్నీ ఉన్నాయి. చదవని విద్యార్థులుంటే చదవండి.

మహద్, ఇండోరు దాకా ఎందుకు? ఊళ్ళో పెద్దకులపోళ్ళ చావుకు డప్పు కొట్టేది మా నాయినే. కొట్టినందుకు కొన్ని గింజలు, కొన్ని పైసలు, ఒక్కోసారి పాడె మీద కప్పిన గుడ్డ. నా రెండో తరగతిలో అట్లొచ్చిన ఆకుపచ్చ గుడ్డతో అవ్వ నాకు లంగా కుట్టించింది. కొత్త లంగా అని ఎగురుకుంటూ బడికి పోయాను. "అది మా నాయినమ్మ మీద కప్పింది" అని నా పక్క బల్లలో పిల్ల అందరి ముందర చెప్పింది. ఆ లంగా మళ్ళీ కట్టలేదు. అవ్వ నన్ను కొట్టింది, తర్వాత తనే ఏడ్చింది.

ఇగ మట్టెలు. బావి కాడ అవి రాలేదు. నాట్లలో నాని నాని వేళ్ళు బొద్దుగా అయినయి, సబ్బు రుద్ది లాగితే తోలు లేచొచ్చింది. మేనత్త వాటిని కడిగి తెచ్చి నా చేతిల పెట్టింది. "కరిగిచ్చి నీ బిడ్డకు పట్టగొలుసులు చేపియ్యి" అంది. కరిగించడం అనే మాట వినగానే నా కడుపులో తిప్పినట్టైంది. అవి ఇప్పటికీ నా బీరువాలో, చాక్‌పీసుల డబ్బాలో, సేటు చీటీతోపాటే ఉన్నాయి.

అవ్వ మాత్రం ఎవర్నీ ఏమీ అడగలేదు. దినాలైన రాత్రి, గోడకు వేలాడే నాయిన డప్పు కాడికి పోయి దానికి చెక్కిన సిటికెనపుల్ల తీసింది. నాయిన చేతి చెమటకు నున్నగై నల్లబడ్డ పుల్ల. దాన్ని మోకాలికి పెట్టి సగానికి విరిచి, కొప్పులో గుచ్చుకుంది. నాయిన పోయినప్పటి నుంచి ఆమె ఒంటి మీద అదొక్కటే.

"ఇదేందే, మొగడు పోయినదానివి కొప్పుల ఇదేంది?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతనే ఉంటరు.

"తల గోక్కోనీకి" అంటది.