గడప దగ్గర దించిన కుండ



గొప్ప దైవజనుల జీవితములను మనము చదువుకొని బలము పొందుచున్నాము. అయితే ఈ నెల నేను వ్రాయునది ఏ పుస్తకములోనికీ ఎక్కని ఒక రైతు ఇల్లాలిని గూర్చి. ఆమె మా నాయనమ్మ. అక్షరము రాదు. వేదాంత కళాశాలలో నేను చదివిన చదువు కంటె ఆమె వెనుక నడచి నేర్చుకొన్నదే నాకు ఎక్కువ అక్కరకు వచ్చినది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట పల్లె. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో పని చూపించి ఎందరినో బ్రతికించారు. తిండి కొరకు చేరుచున్నారను మాట రాకుండునట్లు ఆ రోజులలో బాప్తిస్మములు ఆపి, కరువు సాయము ముగిసిన తరువాతనే మరల ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ కాలముననే తన తాతముత్తాతలు ప్రభువును నమ్ముకొన్నారని నాయనమ్మ చెప్పేది. “దేవుడి దగ్గరకు కడుపు కోసం రాలేదురా మనవాళ్ళు” అనేది గర్వముగా.

మాకున్నది ఎకరం ఇరవై సెంట్లు. కంది, జొన్న, కొంచెం మిరప. తెల్లవారుజామున లేచి పేడకళ్ళు ఎత్తి, చల్ల చిలికి, సద్ది మూట కట్టుకొని చేనికి పోయేది. కలుపు తీస్తూ కీర్తన పాడుకొనేది. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు చేటలోని గింజలలో నుండి ఒక పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసేది. బియ్యమైనా అంతే, జొన్నలైనా అంతే. అది దేవుని కుండ. ఆదివారం దానిని మందిరమునకు తీసికొని పోయేది. ఆరాధన అయిన తరువాత సంఘపెద్దలు ఆ గింజలను వేలము వేసి డబ్బు కానుకలో కలిపేవారు. ఇంట్లో గింజలు తక్కువైన నాడు కూడ ఆ పిడికెడు ఆగలేదు. మా తాత గొణిగితే, “నా వంతులోది తీశానులే” అనేది.

1990 మే నెలలో వచ్చిన తుఫాను మీలో చాలామందికి జ్ఞాపకముండును. నాకప్పుడు పదేండ్లు. ఆ వానలకు మా చేనికీ, మా చిన్నతాత చేనికీ మధ్యనున్న గట్టు తెగిపోయినది. హద్దురాయి ఒరిగిపోయినది. తొలకరికి ముందు తాత గట్టు వేయగా, రెండు మూరలు లోపలికి జరిగాడని చిన్నతాత తగాదాకు వచ్చాడు. మాటా మాటా పెరిగినది. ఆ వేడిలో మా నాయనమ్మ తన తోటికోడలిని ఒక మాట అన్నది. “పిల్లాజెల్లా లేని ఇంటికి పొలమెందుకు?”

చిన్ననాయనమ్మకు సంతానము లేదు. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వెళ్ళిపోయినది. ఆ దినము మొదలు రెండిండ్లకూ మాటలు లేవు. మందిరములో కూడ ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల. కొన్ని వారములకు చిన్ననాయనమ్మ మందిరమునకు రావడమే మానుకొన్నది.

జూలైలో ఒక ఆదివారం. ప్రభువు బల్ల ఇచ్చే దినము. నాయనమ్మ కుండ చంకన పెట్టుకొని నన్ను వెంటబెట్టుకొని బయలుదేరినది. మందిరము గడప దగ్గరకు వచ్చి ఆగినది. లోపల పాట మొదలైనది. కుండను మెట్టు మీద దించి, “పదరా” అని వెనుకకు తిరిగినది.

చిన్ననాయనమ్మ వాకిలి ఊడుస్తున్నది. మమ్మును చూచి కూడ చీపురు ఆపలేదు.

“చెల్లీ, హద్దు సంగతి మగవాళ్ళు చూసుకొంటారు. నా నోట వచ్చిన మాట మాత్రం నాది. అది తప్పు. నిన్ను క్షమాపణ అడగడానికి వచ్చాను.”

చీపురు చప్పుడు తప్ప జవాబు లేదు. నాయనమ్మ ఎండలో అట్లే నిలుచున్నది. వాకిలంతా ఊడ్చి, చీపురు మూల పెట్టి, చిన్ననాయనమ్మ లోపలికి వెళ్ళినది. ఇక రాదనుకొన్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చి, “తాగక్కా” అన్నది. ఇద్దరూ ఏడ్చారు.

మేము తిరిగి వచ్చేసరికి కుండ చుట్టూ రెండు కోళ్ళు తిరుగుచున్నవి. వాటిని అదిలించి, ఇద్దరూ కలసి ఆ కుండ లోపలికి తీసికొని వెళ్ళారు. ఆ దినము ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుండి ప్రభువు బల్లలో చేయి వేశారు. హద్దు తగాదా తీరడానికి మరి రెండేండ్లు పట్టినది. మాటలు మాత్రము మరల ఆగలేదు.

నాయనమ్మ 2006లో ప్రభువునందు నిద్రించినది. తరువాత కొన్నేండ్లకు మా తండ్రిగారు కూడ పోయారు. ఆ ఎకరం ఇరవై సెంట్ల దగ్గరే నాకూ నా తమ్మునికీ మాటలు నిలిచిపోయినవి. సిగ్గుతో వ్రాయుచున్నాను. కాపరినైన నేను ఎనిమిది నెలలు తమ్మునితో మాటలాడక, ప్రతి నెలా సంఘమునకు ప్రభువు బల్ల ఇచ్చాను.

ఒక శనివారం రాత్రి మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనముల మీద ప్రసంగము సిద్ధపరచుకొనుచున్నాను. నోట్సు చక్కగానే వచ్చినది. అయితే మెట్టు మీద దించిన ఆ కుండ కన్నుల ముందునుండి పోలేదు. కాగితములు మూసి, మోటారు సైకిలు తీసి తమ్ముని ఊరికి వెళ్ళాను. తలుపు తీసి వాడు భయపడ్డాడు. “ఏందన్నా ఈ వేళప్పుడు? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?”

“నాకే బాగాలేదురా” అన్నాను.

మరదలు లేచి అన్నము పెట్టినది. పొలము మాట ఆ రాత్రి ఎవరమూ ఎత్తలేదు. అది తరువాత పెద్దల సమక్షమున తేలినది. మరుసటి ఆదివారం ప్రసంగము అనుకొన్నంత బాగుగా చెప్పలేకపోయాను. కాని రొట్టె విరిచేటప్పుడు నా చేయి వణకలేదు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఈ ఆదివారం కానుక పట్టుకొని మందిరమునకు బయలుదేరునప్పుడు గడప దగ్గర ఒక్క నిమిషము ఆగుము. ఎవరి వాకిలి జ్ఞాపకము వచ్చునో అక్కడికి ముందు వెళ్ళుము. కానుకకు తొందర లేదు. ప్రభువు కనిపెట్టుకొని యుండును.