మళ్ళీ మళ్ళీ తెరుచుకునే బగ్గు

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ప్రతివాడికీ ఇలాంటి బగ్గు ఒకటి తగిలే ఉంటుంది. ఫిక్స్ చేశామని మూసేస్తాం, రెండు వారాలకి టెస్టింగ్ వాళ్ళు మళ్ళీ తెరుస్తారు. మళ్ళీ మూస్తాం, మళ్ళీ తెరుస్తారు. పోయినేడాది నాకు అలాంటిదే తగిలింది. ఆఫీసులో కాదు, మడకశిరలో మా ఇంట్లో. అదీ నిజం పురుగే లెండి :)

మా నాయన పోయాక అమ్మ మడకశిరలో ఒక్కతే ఉంటోంది. ఒక్కతే అంటే ఒప్పుకోదు. నాయన చేను దగ్గరనుంచి తెచ్చిన నల్లకుక్క ఉంది, దాని మీద పెత్తనం చేసే పిల్లి ఒకటి ఉంది. నేనేమో బెంగుళూరులో. వారానికి మూడు రోజులు ఆఫీసు, మిగతాది ఇంటినుంచి. వచ్చి మాతో ఉండమ్మా అంటే "వీటిని యాడ పెట్టాల?" అంటుంది. మాట అక్కడితో సరి.

వానాకాలంలో ఒకరోజు ఫోన్లో "కాళ్ళంతా దద్దుర్లురా, రాత్రంతా గోక్కుంటానే ఉండా" అంది. దోమలనుకున్నాను. ఆ శనివారం ఊరికెళ్ళి, తెల్ల సాక్సులేసుకుని నడింట్లో ఐదు నిమిషాలు నిలబడితే తెలిసింది. ఆవగింజలో సగం లేని గోధుమరంగు పురుగులు, పట్టుకోబోతే చెంగున ఎగిరిపోతున్నాయి. కుక్కపేలు! పశువులకి పట్టి వేలాడే పిడుదులు వేరు, ఇవి వేరు. పిడుదు ఎగరదు. కుక్క వెంట్రుకల్లో మిరియాల పొడిలాంటిది కనిపిస్తే తడి దూది మీద పెట్టి చూడండి. ఎర్రగా కరిగితే అది మట్టి కాదు, పేను తాగి విసర్జించిన రక్తం.

ఇక వరసగా ఫిక్సులు మొదలు. వేపాకు నీళ్ళ స్నానం చేయించాం. రెండు రోజులు బాగుంది, మళ్ళీ వచ్చేశాయి. కుక్కల షాంపూ తెచ్చాం, అదీ అంతే. ఊళ్ళో ఒకాయన చెనక్కాయ చేనుకి కొట్టే మందు నీళ్ళలో కలిపి పుయ్యమన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, బతికించింది. ఒళ్ళు నాక్కుంటే కుక్కే పోయేది. నేను మాత్రం అంతకంటే పెద్ద తెలివి చూపించాను. "కుక్కని ఎవరికైనా ఇచ్చేయమ్మా, మూలం పోతే సమస్య పోతుంది" అన్నాను. మనకి రూట్ కాజ్ అనే మాటంటే మోజు కదా. అమ్మ ఏమీ అనలేదు. ఫోను కట్ చెయ్యను కూడా లేదు, పక్కన పెట్టి వెళ్ళిపోయింది. కాసేపు గిన్నెల చప్పుడు వింటూ కూర్చున్నాను.

చివరికి ఒక రాజీకి వచ్చాం. కుక్కనీ పిల్లినీ చేను చూసుకునేవాళ్ళ దగ్గర వదిలి, ఇంటికి తాళమేసి, అమ్మ రెండు వారాలు మా దగ్గరికి వచ్చింది. రక్తం దొరక్క అవే చస్తాయని నా లెక్క. తిరిగొచ్చి తలుపు తీసి నాలుగడుగులు వేశామో లేదో, కాళ్ళకి నల్లగా పట్టుకున్నాయి. ముందుకంటే ఎక్కువ!

గుట్టు విప్పింది పక్కింటి అత్త. ఆమెకి పట్టుపురుగుల షెడ్డు ఉంది. మా వైపు ఇది మామూలే, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకి పోతాయి. ఇల్లంతా మందు కొట్టించడానికి నేను మనిషిని మాట్లాడానని తెలిసి పరిగెత్తుకొచ్చింది.

"అబ్బోడా, నా పురుగులు మూడో జ్వరంలో ఉండాయి. గాలికి ఇంత మందు తగిల్తే అన్నీ దిబ్బలో పొయ్యాల్సిందే" అంది. జ్వరం అంటే పురుగు చర్మం విడిచే సమయం. కూర్చుని మజ్జిగ తాగాక మెల్లగా అడిగింది: "గుడ్డు, పురుగు, గూడు, మళ్ళ బయటికొచ్చేది. మీ ఇంట్లోవీ అంతేనేమో? గూట్లో ఉండేదానికి మందు యాడ తగుల్తాది?"

ఆ రాత్రి చదివితే అత్త మాట అక్షరాలా నిజం. ఆడపేను రోజుకి 40-50 గుడ్లదాకా పెడుతుంది. అవి వెంట్రుకలకి అంటుకోవు, కుక్క పడుకున్నచోటల్లా రాలిపోతాయి. పుట్టిన పురుగులు వెలుతురు పడని బండల సందుల్లో, బొంతల మడతల్లో, రాలిన ఎండు రక్తం తిని పెరిగి గూడు అల్లుకుంటాయి. కుక్క మీద కనిపించేవి మొత్తంలో 5 శాతమేనని, మిగతా 95 శాతం ఇంట్లోనే ఉంటాయని ఒక అంచనా. గూట్లో ఉన్నది నెలల తరబడి ఆగగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. మేం తాళం తియ్యడమే వాటికి అలారం అన్నమాట. కుక్కని పంపేసి ఉంటే ఆకలిమీద లేచినవన్నీ అమ్మ ఒక్కదాని మీదే పడేవి. నేను రూట్ కాజ్ అనుకున్నది ఉత్త లాగ్ ఫైలు.

పశువుల డాక్టరు కుక్కని తూకం వేసి, నెలకొకటి చొప్పున నమిలే మాత్ర రాశాడు. పేలని మింగితే కడుపులో బద్దెపురుగులు వస్తాయని వాటికీ మందిచ్చాడు. పిల్లికి మందు వేరే. కుక్కల మందులు కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది, ఆ పొరపాటు మాత్రం చెయ్యకండి. మాత్ర వేశాక కుక్క ఇంట్లోనే ఉండాలట. గూట్లోంచి లేచిన పేను దాన్ని కుట్టి, గుడ్లు పెట్టేలోపే చస్తుంది. వదిలించుకుందామనుకున్న కుక్కే మా మందయింది.

మిగతాదంతా చాకిరీ. ఆఫీసులో అడిగి రెండు నెలలు పూర్తిగా ఊరినుంచే పనిచేశాను. బెంగుళూరునుంచి మోసుకొచ్చిన వాక్యూమ్ క్లీనర్‌తో రోజూ సందులన్నీ లాగడం, ఆ దుమ్ము కవర్లో గట్టిగా కట్టి బయట పారెయ్యడం. వారానికోసారి దుప్పట్లు, బొంతలు ఉడుకు నీళ్ళలో వెయ్యడం. కుక్క పడుకునే గోనెపట్ట కాల్చేశాం, బండల సందులు సిమెంటుతో పూడ్చాం. ఇంట్లో మందు చుక్క కొట్టలేదు.

ఆదివారం ఆదివారం సాక్సుల లెక్క. మొదటి వారం 31, రెండో వారం 34! అందరూ వదిలేసేది ఇక్కడే. పాత గూళ్ళు పగలడం అయ్యేదాకా కొత్తవి వస్తూనే ఉంటాయి. తర్వాత 19, 12, 5, 2. ఏడో వారం సున్నా, ఎనిమిదో వారం కూడా సున్నా. అత్త పురుగులు కూడా క్షేమంగా గూళ్ళు కట్టాయి.

నేను బ్యాగు సర్దుకుంటుంటే అమ్మ అంది: "పేలుండినన్ని దినాలూ ఇంట్లో ఉండినావు." నవ్వుతూనే అంది. నాయన పోయాక నేను ఊళ్ళో వరసగా నాలుగు రోజులున్నది అదే మొదటిసారని అప్పుడు లెక్క తేలింది.

ప్రతి నెలా మొదటి శనివారం కుక్కకి మాత్ర వెయ్యాలి. ఫోన్లో గుర్తుచేస్తే అమ్మే వేసేస్తుంది, నిమిషం పని. అయినా నేనే వెళ్ళి వేస్తున్నాను.