పరధనమునకు కాపరి

2016వ సంవత్సరము వరకు వరంగల్లు జిల్లాలో నుండి, పిదప మహబూబాబాదు జిల్లాలో చేరిన మా తొర్రూరు ప్రాంతమున వరియు ప్రత్తియు విరివిగా పండును. పంట చేతికి వచ్చు దినములలో రైతు ముఖమున సంతోషముతోపాటు దిగులును కానవచ్చును. అందరి సరకును ఒక్కమారే అంగడికి చేరిన ధర పడిపోవును. అప్పు తీర్చవలసినవాడు ఆగజాలడు. ఆగుదమన్న దాచుటకు చోటుండదు.

ఈ చిక్కును తీర్చుటకు 1956లో మన పార్లమెంటు శాసనము చేసెను. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థయు వెలసినవి. తెలంగాణకు ఇప్పుడు ప్రత్యేక సంస్థ కలదు. రైతు తన పంటను గిడ్డంగిలో నిలువచేసి రసీదు పొందును. ఆ రసీదును హామీగా నుంచి బ్యాంకులో అప్పు తెచ్చుకొని, మంచి ధర వచ్చినప్పుడు సరకు నమ్ముకొనవచ్చును. ప్రభుత్వము మద్దతు ధరకు కొన్న ధాన్యమునకును గిడ్డంగియే ఆశ్రయము.

నాయొద్ద చదువుకొన్న విద్యార్థి యొకడు నేడు గిడ్డంగి అధికారి. ఉద్యోగవిరమణానంతరము ఒకనాడు అతని గిడ్డంగిని చూచితిని. నేల చెమ్మ తగులకుండ బస్తాలు చెక్కలపై పేర్చబడియుండెను. గోడలకును వరుసలకును నడుమ మనిషి నడచునంత సందు కలదు. ముందు వచ్చిన సరకును ముందుగా పంపుట అచటి నియమము. అతడు గొట్టమును బస్తాలో గుచ్చి గింజలు తీసి, పురుగు పట్టినదేమో పరీక్షించి, యంత్రముతో తేమను కొలిచెను. కొనుగోలు కేంద్రములలో వడ్లకు నూటికి 17 వంతులకు మించిన తేమను అంగీకరింపరట.

"ఇన్ని వేల బస్తాలలో ఒక్కటి తగ్గిన నెవరికి తెలియును?" అని అడిగితిని.

"పంతులుగారూ, రసీదుకు తెలియును. అందు వ్రాసినది ఇక్కడ లేదని తేలిననాడు మా కాగితమును ఏ బ్యాంకును నమ్మదు. అప్పుడు చెడునది నేనొక్కడనే కాను, ఈ ఊరి రైతులందరును చెడుదురు" అని అతడు పలికెను.

బాలలారా! ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారు వ్యవసాయ శాస్త్రమునందో, జంతుశాస్త్ర రసాయనశాస్త్రములందో పట్టము పొందవలెను. లెక్కల విభాగమునకు వాణిజ్యశాస్త్రము తగినది. పిదప కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థయు జరుపు పోటీ పరీక్షలలో నెగ్గవలెను. పెక్కురు సహాయకులుగా చేరి, అనుభవముచే అధికారులగుదురు. ప్రైవేటు గిడ్డంగులలోను ఇట్టి కొలువులు కలవు.

శాస్త్రజ్ఞానము పురుగునుండి గింజను కాపాడును. మనుష్యుని దురాశనుండి దానిని కాపాడునది కాపరి నిజాయితీయే. పరుల సొత్తును తన సొత్తుకన్న మిన్నగా చూడగలవాడే ఈ పదవికి అర్హుడు.